ఎర్రతాడు మేకలు

"ఇప్పుడు అమ్మటం లేదండీ," అన్నాడు నతానియేలు, తల ఎత్తకుండానే.

అతను గడ్డి మోపు విప్పుతున్నాడు. దడి అవతల, గొడుగు కింద, మడమల దాకా బురదతో ఒక అమ్మాయి నిలబడి ఉంది. చేతిలో కొక్కేల కాటా, అతని ఓరచూపుకి అందింది అదొక్కటే. కాటా పట్టుకుని కోడూరు పొలాల్లోకి దిగేది మాంసం బేరగాళ్ళే. వానలు ముదరగానే వస్తారు, గట్లు మునిగి మేత దొరక్క రైతు అయినకాడికి అమ్ముకుంటాడని.

"నేను కొంటానని చెప్పానా?"

ఆడగొంతు విని తల ఎత్తాడు. ఎత్తినవాడు వెంటనే దించలేదు, చెప్పొద్దూ.

"మరి కాటా ఎందుకండీ?"

"తూచడానికి."

"తూచేది అమ్మేటప్పుడేగా?"

"పెరిగాయో లేదో చూడ్డానికి కూడా తూస్తారు. నా పేరు నిస్సీ. వెటర్నరీ పీజీ చేస్తున్నాను. మా జగన్మోహనరావు సార్ మీకు ఫోన్ చేశారు, మేత ట్రయల్ గురించి. మీరు సరేనన్నారట!"

అప్పుడు గుర్తొచ్చింది. పది రోజుల కిందట ఎవరో పెద్దాయన ఫోన్ చేసి తెలుగూ ఇంగ్లీషూ కలిపి పావుగంట మాట్లాడాడు. అవతల నుంచి ఒక మనిషి గొంతు అంతసేపు వినపడటమే హాయిగా ఉండి, నతానియేలు ప్రతిదానికీ "సరేనండీ, సరేనండీ" అన్నాడు. దేనికి సరేనన్నాడో ఇవాళ తెలిసింది.

"ఎవరైనా మగవాళ్ళొస్తారనుకున్నానండీ."

"మేకలకి ఆ పట్టింపు లేదులెండి. లోపలికి రానిస్తారా, ఇక్కడే తడిసిపోమంటారా?"

దడి తలుపు తీయడానికి అతను గడ్డి మోపు మీద నుంచి దూకబోయి, అందులోనే కాలు ఇరుక్కుని పడ్డాడు. ఆ అమ్మాయి నవ్వు ఆపుకోవడానికి గొడుగు అడ్డం పెట్టుకుంది.

ట్రయల్ సంగతి ఆమె అరుగు మీద కూర్చుని చెప్పింది. నాలుగైదు నెలల పోతుపిల్లలు ఇరవై కావాలి. పదింటి మెడలో ఎర్రతాడు, పదింటి మెడలో నీలం తాడు. ఎర్రతాడు వాటికి ఒట్టి నేపియర్ గడ్డి. నీలం తాడు వాటికి రెండొంతుల గడ్డిలో ఒక వంతు అలసంద తీగ, దశరథ గడ్డి తరిగి కలిపి పెట్టాలి. తొంభై రోజులు ఇలా జరగాలి. పదిహేను రోజులకోసారి ఆమె గుడివాడ నుంచి వచ్చి పరగడుపున తూస్తుంది.

"ఒట్టి గడ్డితో కడుపు నిండుతుంది కానీ కండ పట్టదండీ. మాంసానికి పెంచే మేకకి పప్పుజాతి మేత కలవాలి, మనకి అన్నంలో పప్పు కలిసినట్టు. ఎంత తేడా వస్తుందో లెక్క తేల్చాలి. అదే నా థీసిస్."

"మనకి ఒట్టి అన్నం పెట్టి పక్కవాడికి పప్పన్నం పెడితే ఊరుకుంటామా మేడమ్?"

"మనం ఊరుకోం. అందుకే మేకల మీద చేస్తున్నాం." ఆమె వేలు చూపించి మరీ చెప్పింది. "నతానియేలు గారూ, ఒక్క రెమ్మ కూడా ఇటుది అటు పోకూడదు. పోయిందంటే నా ఏడాది గోవిందా."

"సరేనండీ," అన్నాడు. ఈసారి దేనికంటున్నాడో తెలిసే అన్నాడు.

నతానియేలుకి ఇరవై తొమ్మిదేళ్ళు. విజయవాడలో సెల్ ఫోన్ల షాపులో పని చేసేవాడు. అమ్మకి జబ్బు చేసిందని మూడేళ్ళ కిందట వచ్చాడు. ఏడాది మంచంలో ఉండి ఆవిడ వెళ్ళిపోయింది. ఎకరన్నర భూమి, ఆవిడ పెంచిన ఎనిమిది మేకలు, ఊరికి మైలు దూరంలో ఒక పెంకుటిల్లు మిగిలాయి. సమాధి కార్యక్రమం అయిన మర్నాడు బంధువులంతా బస్సెక్కారు. మేకలు అరుస్తుంటే మేత వెయ్యడానికి ఇతను ఆగిపోయాడు. అలా ఆగిపోయినవాడే ఇప్పటికీ ఇక్కడున్నాడు, మేకలు మాత్రం ఎనిమిది నలభై అయ్యాయి.

పొద్దున ఒకసారి వండుకుంటే మూడు పూటలూ అదే. ఆదివారం చర్చిలో ఆరాధన అయ్యాక జనమంతా గుంపులు గుంపులుగా ఇళ్ళకి పోతుంటే, ఇతను బండి స్టార్ట్ చేసి మేకల దగ్గరికి వచ్చేస్తాడు. రోజు మొత్తంలో మాట్లాడిన మాటలు ఎన్నంటే, వీరలక్ష్మి టీ కొట్టు దగ్గర "ఒక టీ అత్తా", "వస్తానత్తా". మిగతావన్నీ మేకలతోనే. అవి మంచి శ్రోతలే, ఆ మాట కాదనలేం, కానీ తిరిగి ఒక్కటీ "నువ్వెలా ఉన్నావు" అని అడగదు కదా!

అలాంటివాడికి పదిహేను రోజులకోసారి ఒక మనిషి రావడమంటే ఏమిటో మీరే ఊహించుకోండి.

రెండో తూకానికే వీరలక్ష్మి పట్టేసింది. ఆవిడ కొట్టు బస్టాపు పక్కనే, దిగేవాళ్ళూ ఎక్కేవాళ్ళూ అందరూ ఆవిడ కళ్ళ ముందే.

"ఏరా అబ్బాయ్, చొక్కా ఇస్త్రీ చేశావు? తూకం మేకలకా, నీకా?"

"అత్తా, నువ్వు టీ పొయ్యి."

"పోస్తాను కానీ, రెండు గ్లాసులా?"

"రెండే," అన్నాడు చెవులెర్రబడి.

తూకం రోజు పొద్దున మేకలకి మేత వెయ్యకూడదు. నిస్సీ గుడివాడలో తెల్లారగట్ల బస్సెక్కి, పామర్రులో ఒకటి, అవనిగడ్డలో ఒకటి మారి వచ్చేసరికి తొమ్మిదవుతుంది. అప్పటిదాకా ఇరవై పోతుపిల్లలూ దారి వైపు తిరిగి అరుస్తుంటాయి. నతానియేలు అరవడు కానీ, చూసేది మాత్రం అటే.

అతను ఒక్కొక్కదాన్నీ ఎత్తి గోనెపట్టాలో పెట్టి కాటాకి తగిలిస్తే, ఆమె వంగి ముల్లు చూసి చెబుతుంది.

"పద్నాలుగో నంబరు, పదకొండు కిలోల నాలుగొందలు."

"పదకొండు నాలుగొందలు."

"ఏంటండీ, మీరు మళ్ళీ అనక్కర్లేదు, రాస్తే చాలు."

"రాస్తూ అంటే తప్పు రాదండీ."

తప్పు రాదని కాదు, ఆమె మాట ఒకటి అంటే తను ఇంకొకటి అనవచ్చని. ఇరవై మేకలంటే నలభై మాటలు.

తూకం అయ్యాక మళ్ళీ బస్సుకి గంట టైముండేది. అరుగు మీద కూర్చుని ఆమె తెచ్చుకున్న పులిహోర తినేది, అతనికీ పెట్టేది. చినుకులు చూరు మీద నుంచి గీతలు గీతలుగా కారుతుంటే, మధ్యలో చెయ్యి పెట్టి తీసేది.

"మీ ఇంట్లో ఎవరెవరుంటారండీ?"

"అమ్మా, నేనూ. అమ్మ సౌభాగ్యమ్మ, గుడివాడలో నర్సు. ఆవిడకి నైట్ డ్యూటీలు. నేను ఇంటికి వెళ్ళేసరికి ఆవిడ బయల్దేరుతుంది. ఉండేది ఇద్దరం, కానీ ఎప్పుడూ ఇంట్లో ఒకళ్ళమే." ఆమె చెయ్యి దులుపుకుంది. "మీరు అలా జాలిగా చూడకండి. నాకు అలవాటే."

"జాలి కాదండీ. నాకూ అలవాటే."

ఆమె అతని వైపు చూసి, పులిహోర గిన్నె ముందుకి జరిపింది. బస్సు హారన్ వినబడ్డాక ఆ గంటా ఎటు పోయిందో ఇద్దరికీ తెలియలేదు.

సరే, ఇదంతా బాగానే ఉంది. అసలు గొడవ సాయంత్రాలు వచ్చేది.

మేకల పాక సరుగుడు కర్రల మంచె మీద, నేలకి ఎత్తుగా ఉంటుంది. మధ్యలో దడి. ఇటు ఎర్రతాడు, అటు నీలం తాడు. అటువైపు అలసంద కలిసిన మేత వెయ్యగానే వాసన ఇటు కొడుతుంది. ఎర్రతాడు పదీ తమ ముందున్న గడ్డి వదిలేసి, దడి సందుల్లో మూతులు పెట్టి చూస్తూ నిలబడేవి. అరిస్తే పోనీ అనుకోవచ్చు. పద్నాలుగో నంబరు అరిచేది కూడా కాదు. నల్లటిది, నుదుటి మీద తెల్లబొట్టు, అలా చూస్తూ ఉండేదంతే.

మొదటి వారం అతను మొహం తిప్పుకున్నాడు. రెండో వారం లోపలికెళ్ళి తలుపేసుకున్నాడు. మూడో వారం ఒక సాయంత్రం గట్టు మీది అవిసె చెట్టెక్కి కొమ్మ నరికి, మేకకి రెండు గుప్పిళ్ళ చొప్పున ఆకు దూసి ఎర్రతాడు వాటికి పెట్టేశాడు.

"ఇవాళ ఒక్కరోజే," అని వాటికి చెప్పాడు.

మర్నాడు కూడా అదే మాట చెప్పాడు. ఆ మర్నాడు చెప్పడం మానేశాడు, పెట్టడం మానలేదు.

దశరథ గడ్డి పేరుకి గడ్డి కానీ జాతికి పప్పుజాతి, అలసందా అంతే, అవిసె కూడా అంతేనని నిస్సీ మొదటి రోజే చెప్పింది. కాబట్టి తెలియక చేశానని అనడానికి లేదు. తెలిసే చేశాడు.

మూడో తూకానికి ఎర్రతాడుకీ నీలం తాడుకీ తేడా పిసరంత. నిస్సీ కాటా సరిచూసుకుని మళ్ళీ తూచింది. నాలుగో తూకానికీ అదే వరస. లెక్కలు వేసుకుని, పుస్తకం మూసి, ఆమె అరుగు మీద మోకాళ్ళ మీద తల పెట్టుకుంది.

"మేడమ్?"

"ఏం లేదండీ."

ఏం లేదన్న మనిషి భుజాలు కదులుతున్నాయి. నతానియేలుకి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మంచినీళ్ళు తెచ్చి పక్కన పెట్టాడు.

"సార్ నిన్న అందరి ముందూ తిట్టారు," అంది ఆమె మొహం తుడుచుకుంటూ. "నీకు తూచడం రాదా, మేత కలపడం రాదా, ఏది రాదో చెప్పు అన్నారు. పుస్తకాల్లో అందరికీ వచ్చిన తేడా నాకే ఎందుకు రాదు? నేనేం తప్పు చేస్తున్నాను నతానియేలు గారూ?"

చెప్పాల్సింది అప్పుడే. నాలుక చివరి దాకా వచ్చింది కూడా.

"తొంభై రోజులకీ తేడా రాకపోతే ఏం చేస్తారండీ?" అని మాత్రం అడిగాడు.

"ఏం చేస్తాను, ఇంకో మూడు నెలలు పొడిగించమంటారు. ఇంకో మూడు నెలలు మూడేసి బస్సులెక్కి మీ ఊరు రావాలి."

ఇంకో మూడు నెలలు. ఆరు తూకాలు. నతానియేలు నోరు మూసుకున్నాడు.

ఆమె బస్సెక్కాక, పాక దగ్గర నిలబడి తనని తనే తిట్టుకున్నాడు. "సిగ్గులేదురా నీకు," అని పైకే అన్నాడు. ఆ సాయంత్రం అవిసాకు కొయ్యకుండా ఉండటానికి కత్తి పెంకుల మీదికి విసిరేశాడు. చీకటి పడేలోపు నిచ్చెన వేసుకుని మళ్ళీ దింపుకున్నాడు. అప్పటికి అది మేకల మీద జాలి ఒక్కటే కాదు, ఆ సంగతి అతనికి తెలుసు.

ఐదో తూకం రోజుకి అల్పపీడనం పట్టుకుంది. నవంబరు నడిమి వాన, మూడు రోజులుగా తెరిపి లేదు. పొద్దున్నే నిస్సీ మెసేజ్: "బస్సులు డౌట్ అంటున్నారు. ఇవాళ రాను. రేపో ఎల్లుండో చూద్దాం."

నతానియేలు ఆ మెసేజ్ నాలుగుసార్లు చదివి ఫోను జేబులో పెట్టుకున్నాడు. రానప్పుడు మేకల కడుపు మాడ్చడం దేనికి? ఎనిమిదింటికే మేత వేశాడు. అవిసె చెట్టు తడిసి జారుతోంది, ఎక్కలేకపోయాడు. అలసంద మడిలో లేత తీగ కోసి, నీళ్ళు కారుతున్నది కారుతున్నట్టే ఎర్రతాడు వాటి ముందు వేశాడు. బెంగలో ఎంత వేస్తున్నాడో కూడా చూసుకోలేదు. నీలం తాడు వాటికైతే కోసిన తీగ వాడబెట్టి, తరిగి, గడ్డిలో కలిపి పెట్టేవాడు. పద్నాలుగో నంబరు అందరికంటే ముందు తిని, పక్కదాని వాటా కూడా లాక్కుంది.

పదకొండింటికి దడి తలుపు చప్పుడైంది.

నిస్సీ నిలువునా తడిసి ఉంది. గొడుగు వెనక్కి తిరగబడింది.

"రానన్నారుగా!"

"అవనిగడ్డ దాకా బస్సు ఉంది. అక్కడి నుంచి ఆటో. ఇంట్లో కూర్చోబుద్ధి కాలేదు." జుట్టు పిండుకుంటూ ఒక్క క్షణం అతని వైపు చూసి నవ్వింది. "తూకానికి కాదులెండి. మేత వేసేసి ఉంటారని తెలుసు."

ఆ నవ్వు పూర్తిగా చూసుకునే అదృష్టం అతనికి లేదు. పాకలో ఏదో కూలబడ్డ చప్పుడైంది.

పద్నాలుగో నంబరు. ఎడమ డొక్క పొంగి బిగిసిపోయింది, నోరు తెరిచి ఆయాసపడుతోంది. నిస్సీ ఒక్క దూకున మంచె ఎక్కి, డొక్క మీద వేలితో కొట్టి చూసింది. డప్పు కొట్టినట్టు మోగింది.

"ఏం తిన్నది?"

"గడ్డేనండీ." అలవాటైపోయిన మాట, దానంతటదే వచ్చేసింది.

"ఒట్టి గడ్డికి ఇలా ఉబ్బదే! గొంతులో ఏదో అడ్డం పడి గాలి నిలిచిపోయినట్టుంది. పొడిచి తీసెయ్యాలి. నా బ్యాగులో లావుపాటి సూది ఉంది, ఇవ్వండి."

తెచ్చి ఇచ్చాడు.

"పొడిస్తే బతుకుతుందా మేడమ్?"

"గాలైతే బతుకుతుంది. పచ్చి అలసంద తిని నురగ పట్టినదైతే పొడిచినా లాభం లేదు, నురగ బయటికి రాదు, ఈలోపు చచ్చిపోతుంది. దానికి నూనె పట్టాలి. కానీ ఇది ఎర్రతాడుదిగా, దీనికి అలసంద ఎక్కడిది?" ఆమె డొక్క మీద పొడవాల్సిన చోటు వెతుకుతోంది. "గట్టిగా పట్టుకోండి."

"మేడమ్, ఆగండి."

"టైము లేదండీ!"

"అలసంద తిన్నది. నేనే పెట్టాను. పొద్దున, తడిది, చాలా పెట్టాను."

ఆమె చెయ్యి ఆగిపోయింది. అతని మొహంలోకి చూసింది. తర్వాత సూది పక్కన పెట్టేసింది.

"నూనె ఉందా?"

వేరుశనగ నూనె సీసాతో పరిగెత్తుకొచ్చాడు. నిస్సీ మేక ముందు కాళ్ళు మెట్టు మీదికి ఎత్తించి, నోట్లో అడ్డంగా వేపపుల్ల కట్టి, కొద్దికొద్దిగా నూనె పట్టింది. ఇద్దరూ చెరోపక్కనా కూర్చుని డొక్క రుద్దారు. అరగంట పాటు "పట్టుకోండి", "వదలండి" తప్ప ఆమె ఇంకో మాట అనలేదు. చివరికి పద్నాలుగో నంబరు పెద్దగా తేన్చింది, నురగ కక్కింది, ఇంకోసారి తేన్చింది. డొక్క మెత్తబడింది.

నిస్సీ చేతులు కడుక్కుని వచ్చి అతని ఎదురుగా నిలబడింది.

"ఇవాళ ఒక్కరోజేనా?"

"కాదండీ."

"ఎన్నాళ్ళ నుంచి?"

"మూడో వారం నుంచి. అవిసాకు పెట్టేవాణ్ణి. సాయంత్రం సాయంత్రం."

"ఎందుకు?"

నతానియేలు పాక కర్ర పట్టుకున్నాడు. "చిన్నప్పుడు నేను బందరులో హాస్టల్లో చదివానండీ. ఆదివారం అందరి అమ్మానాన్నలూ క్యారేజీలు తెచ్చేవాళ్ళు. మా అమ్మ నాట్లకి పోయేది, రాలేకపోయేది. వాళ్ళందరూ తింటుంటే నేను వరండా చివర కూర్చుని చూసేవాణ్ణి. ఎవరూ కావాలని చెయ్యలేదండీ. కానీ అలా చూస్తూ కూర్చోవడం ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఇవి దడి సందుల్లోంచి చూస్తుంటే నా వల్ల కాలేదు."

ఆమె వంగి పద్నాలుగో నంబరు మెడలో ఎర్రతాడు సరిచేసింది.

"అది మొదట్లో. ఒప్పుకుంటాను," అంది నెమ్మదిగా. "మొన్న నేను ఇక్కడే కూర్చుని ఏడ్చాను. నేనేం తప్పు చేస్తున్నానని మిమ్మల్నే అడిగాను. అప్పుడెందుకు చెప్పలేదు?"

ఇక్కడ అబద్ధం ఆడవచ్చు. భయమేసిందని అంటే సరిపోయేది.

"తేడా రాకపోతే ఇంకో మూడు నెలలు వస్తానన్నారు కదండీ. అందుకని."

నిస్సీ కళ్ళు నిండాయి. కోపంతోనో దేంతోనో అతనికి అర్థం కాలేదు. సూది బ్యాగులో పడేసి, బ్యాగు భుజాన వేసుకుంది.

"రమ్మని ఒక్క మాట అడగొచ్చుగా? దానికి నా ఏడాది తీసుకోవాలా?"

"నిస్సీ గారూ..."

"రాకండి నా వెనకాల."

గొడుగు అక్కడే వదిలేసి వానలో నడిచి వెళ్ళిపోయింది. అతను దడి దాకా వచ్చి ఆగిపోయాడు. రావద్దందిగా మరి.

తర్వాత రోజులు ఎలా గడిచాయో చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. పద్నాలుగో నంబరు కోలుకుంది. అతను వండుకున్నాడు, తిన్నాడు, కొన్నిసార్లు తినలేదు. ఫోన్ చేస్తే ఆమె ఎత్తలేదు. మెసేజ్ పెట్టబోయి, ఏం రాయాలో తెలియక "సారీ మేడమ్" అని రాసి, అది మరీ చిన్నదనిపించి చెరిపేశాడు. ఇంతకు ముందు కూడా ఒంటరిగానే ఉన్నాడు, కానీ అప్పుడు ఎదురుచూసేది ఏమీ లేదు. ఇప్పుడు తొమ్మిదింటి బస్సు హారన్ వినబడిన ప్రతిసారీ లేచి దడి దాకా వచ్చేవాడు.

వారానికి ధైర్యం కూడగట్టుకుని జగన్మోహనరావు గారికి ఫోన్ చేశాడు.

"అయ్యా, తప్పు నాదండీ. మేడమ్ గారిది కాదండీ. ఆవిడ్ని ఏమీ అనకండి."

"ఏమయ్యా నతానియేలూ, ఆ అమ్మాయేమో సరిగ్గా పర్యవేక్షించకపోవడం తనదే తప్పని రాసిచ్చింది. నువ్వేమో నీదంటున్నావు. ఎవరిది రాసుకోమంటావు?"

"నాదే రాసుకోండయ్యా."

అవతల పెద్దాయన కాగితాలు తిప్పిన చప్పుడైంది. "ఇంతకీ రోజుకెంత పెట్టేవాడివి?"

"మేకకి రెండు గుప్పిళ్ళండీ."

"రెండు గుప్పిళ్ళకే అంత కండ పట్టిందా! అయితే ఈసారి మూడు గుంపులు పెట్టి చూడాలి." ఆయన గొంతులో హుషారు వచ్చింది, మళ్ళీ తగ్గింది. "ట్రయల్ గూడూరులో వేరే రైతు దగ్గర పెట్టిస్తున్నాం. ఆ అమ్మాయికి ఆరు నెలలు పొడిగింపు ఇచ్చారు. నీ దగ్గర మాత్రం కుదరదయ్యా. అర్థమైందిగా?"

"అర్థమైందండీ."

ఆమె చదువు మునిగిపోలేదు. అది విని ఊపిరి పీల్చుకున్నాడు. కానీ గూడూరుకి వెళ్ళే దారి కూడా ఇటు కాదు, ఇక రావాల్సిన పని ఆమెకి ఎన్నటికీ ఉండదు. అది తలుచుకుని ఆ పూట అన్నం పక్కన పెట్టేశాడు. క్రిస్మస్‌కి ఇంటి మీద నక్షత్రం కట్టలేదు. వీరలక్ష్మి కూడా వేళాకోళం మానేసి, టీతో పాటు రెండు బిస్కట్లు చేతిలో పెట్టేది.

ఫిబ్రవరి వచ్చింది. వరి కోసిన చేలల్లో పిల్లిపెసర పచ్చగా లేచింది. ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చి, పాక ముందు కూర్చుని కొడవలి నూరుకుంటున్నాడు.

"నతానియేలు గారూ."

చెవులు మోసం చేస్తున్నాయనుకుని తల ఎత్తలేదు. మళ్ళీ పిలిచాక ఎత్తాడు. నిస్సీ. చేతిలో కాటా లేదు, పుస్తకం లేదు, భుజాన సంచీ కూడా లేదు. నీలం చీర కట్టుకుంది. అతను ఆమెని చీరలో చూడటం అదే మొదలు.

"గొడుగు కోసం వచ్చారా?" అన్నాడు. ఇంతకంటే తెలివితక్కువ మాట దొరకలేదు అతనికి.

"ఎండాకాలం వస్తుంటే గొడుగెందుకు?" ఆమె దడికి ఆనుకుంది. "మీ మీద కోపం పోలేదు. ముందే చెబుతున్నాను."

"పోనక్కర్లేదండీ. ఉంచుకోండి."

"గూడూరు రైతు శోభనాద్రి గారు చాలా పద్ధతైన మనిషి. చెప్పింది చెప్పినట్టు చేస్తారు. ఒక్క రెమ్మ ఇటుది అటు వెయ్యరు. పక్కవాటిని చూసి ఆ మేకలు అరుస్తుంటే ఆయన హాయిగా ఫోన్ చూసుకుంటూ కూర్చుంటారు. తేడా బ్రహ్మాండంగా వస్తోంది. సార్ మెచ్చుకున్నారు." ఆమె దడి కర్ర మీద గోటితో గీస్తోంది. "ట్రయల్‌కి అలాంటి మనిషే కావాలి."

"అవునండీ."

"ట్రయల్‌కి అంటున్నాను."

నతానియేలు లేచి నిలబడ్డాడు. కొడవలి ఇంకా చేతిలోనే ఉంది.

"ఆ రోజు ఒక మాట అన్నాను, గుర్తుందా? రమ్మని అడగొచ్చుగా అని," అంది ఆమె. "మూడు నెలలు ఆగాను. అడుగుతారేమోనని."

"మీరు ఫోన్ ఎత్తలేదు కదండీ!"

"మూడుసార్లు చేసి ఊరుకుంటారా? నాలుగోసారి ఎత్తేదాన్నేమో!"

ఈసారి మాట మింగేస్తే అది జన్మలో మళ్ళీ రాదని అతనికి తెలుసు. "నిస్సీ గారూ, తూకాలు లేకపోయినా రండి. ఏ పనీ లేకపోయినా రండి. నా కోసం రండి. నాకు మీరంటే ప్రాణం. మీరు లేకపోతే ఇక్కడ ఒక్కరోజు కూడా బాగాలేదు."

ఆమె జవాబు చెప్పేలోపు ఆమె ఫోన్ మోగింది. చూసి, అతని వైపు చూసి, స్పీకర్ నొక్కింది.

"ఎక్కడున్నావే? చర్చి అయిపోయి నాలుగు గంటలైంది," అవతల సౌభాగ్యమ్మ గొంతు.

"కోడూరులో ఉన్నానమ్మా."

"కోడూరా? నీ ట్రయల్ గూడూరులో కదే?"

"ట్రయల్‌కి కాదమ్మా. నతానియేలు గారి దగ్గరికి వచ్చాను. నీకు చెప్పానుగా."

నిస్సీ చూపు అతని మీద నుంచి తిప్పలేదు.

"ఆ అబ్బాయి పక్కనే ఉన్నాడా?"

"ఉన్నాడమ్మా. వింటున్నాడు."

"బాబూ," అంది సౌభాగ్యమ్మ. "మా అమ్మాయి ఏడాది పాడు చేశావు, నీతో మాట్లాడాల్సింది చాలా ఉంది. వచ్చే ఆదివారం ఇంటికి రా, కూర్చుని మాట్లాడదాం. అది సరే, ఒంటిగంటన్నర అయింది. అన్నం తిన్నావా?"

అమ్మ పోయాక ఆ మాట అతన్ని ఎవరూ అడగలేదు. కొడవలి కింద పెట్టి, మోచేత్తో కళ్ళు తుడుచుకున్నాడు.

"ఇంకా లేదండీ," అన్నాడు.